నాపబండ మీద మొదటి ముంత

ఆ ఎండాకాలం మా ఊరి పొలిమేర బయట పోయినవి ఇవి. మనుషులు ఎనిమిది మంది. ఎడ్లు రెండు. కాల్చేసిన బొంతలు పదకొండు, చాపలు ఆరు. నీళ్ళు కాచుకోవడానికి కట్టెలు లేక విరగ్గొట్టుకున్న బండి ఒకటి. ఇవన్నీ నేను కళ్ళతో చూసి లెక్కపెట్టినవి. వీటికి తోడు ఒక మానెడు అంబలి ఉంది. దాన్ని పద్దులో ఏ వైపు రాయాలో పందొమ్మిదేళ్ళుగా నాకు తెలియడం లేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. బడికి పోలేదు. సూర్యాపేట గంజులో, అంటే ధాన్యం బజారులో, కొలుస్తూ కొలుస్తూ లెక్కా, నాలుగు ముక్కలు రాయడమూ నేర్చుకున్నాను. రాశిని చూసి ఇన్ని కుంచాలని చెబితే, కొలిచాక రెండు మూడు మానికలకు మించి తేడా వచ్చేది కాదు. కంటికి కనిపించినదాన్ని, చేతితో కొలిచినదాన్ని తప్ప నేను దేన్నీ లెక్కలోకి తీసుకోను. ఇది ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. తేలలేదు కాబట్టి రాస్తున్నాను.

రజాకార్ల గొడవల ఏడాది అది. పోలీసు చర్యకు ముందు వచ్చిన ఎండాకాలం. మాది కోదాడకు, మునగాలకు మధ్య, రోడ్డుకు బాగా లోపలగా ఉన్న ఊరు. మా చెల్లెలు సైదమ్మను మిర్యాలగూడ వైపు, వేములపల్లి దగ్గర ఇచ్చాము. ఆ వైపు ఊళ్ళలో బతకడం కష్టమయ్యాక, చలికాలంలో, ఆమె, ఆమె మొగుడు పిచ్చయ్య, ఇంకొందరు బండ్లు కట్టుకొని కోస్తాకు పోయారు. బందరు అవతల సముద్రం ఒడ్డున తాటాకు పాకల్లో తలదాచుకున్నారు.

ఎండలు ముదిరాక ఆ పాకల్లో గత్తర పడింది. వాంతులు, విరేచనాలు, పొద్దున నడిచిన మనిషి మాపటికి లేకపోవడం. అక్కడివాళ్ళు వీళ్ళను వెళ్ళగొట్టారు. వెళ్ళడానికి ఇంకో చోటు లేక మా ఊరి దారి పట్టారు. వాళ్ళకన్నా ముందే కబురు వచ్చింది, దారిలో ఇద్దరిని పూడ్చి వస్తున్నారని. రోహిణి కార్తెలో ఒక పొద్దున మూడు బండ్లు, పద్నాలుగు మంది, మా పొలిమేర దగ్గర ఆగారు.

చావడి దగ్గర ఊరంతా కూడింది. పటేలు నా వైపు చూశాడు.

"వీరయ్యా, బయట నీ చెల్లె ఉన్నదని నాకెర్కే. లెక్కల మనిషివి, నువ్వే చెప్పు."

చెప్పాను. లోపల మూడు వందల పన్నెండు మంది. బయట పద్నాలుగు మంది. తాగే బావులు రెండు. అంతకుమించి నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కాసేపట్లో బండ్లబాటకు అడ్డంగా తుమ్మకంప పడింది. అందులో రెండు మోపులు నేను మోసినవి.

ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను.

సైదమ్మ కంపకు అవతల దూరంగా నిలబడి నవ్వింది. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది.

"పుట్టింటికొస్తే కంపేసి ఎదురొచ్చిన్రేందే అన్నా?"

నేను వంగి కంప సర్దాను.

"సముద్రం సూసిన్నే. గాడ ఎండ గిట్ల గాదు. ఒంటి మీద సెమట ఆరనే ఆరది. గాలి ఉప్పగ ఉంటది, చీర పొద్దుగాల కాంచి పొద్దూకేదాక తడే. నువ్వుంటే అలలు లెక్కవెడుదువని నేనే లెక్కవెట్టిన. లాభం, రెండు, మూడు... మున్నూరు దాక పోయిన. ఖతం గానే గావు. నీ లెక్క గాడ నడ్వదే."

ధాన్యం కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనము, లాభం అంటాము. మా ఇంట్లో పిల్లలు కూడా గోళీలను అట్లాగే లెక్కపెట్టేవాళ్ళు.

వెనక నుంచి పిచ్చయ్య అందుకున్నాడు. "మీ అన్నకు సముద్రమెందుకు? మనం ఉన్నం గద. దినానికి ఎందరు తగ్గుతరో లెక్కవెట్టుకుంటడు."

వాళ్ళకు తిండి ఇవ్వడానికి పటేలు ఒప్పుకున్నాడు, ఒక పద్ధతి మీద. కంపలో గుమ్మం వెడల్పున ఒక సందు, దానికి అవతల చదునైన నాపబండ. మిట్టమధ్యాహ్నం వాళ్ళు మనిషికొక ముంత చొప్పున బండ మీద వరుసగా పెట్టి, వంద అడుగులు వెనక్కి పోయి తుమ్మచెట్ల కింద కూర్చోవాలి. నేను సందులోంచి పోయి ముంతకొక మానెడు, అంటే ఒక నిండు మానిక, జొన్న అంబలి పోసి తిరిగి రావాలి. ఆ తర్వాత వాళ్ళు వచ్చి తీసుకోవాలి. రోగం గాలిలో వస్తుందని పటేలు రెండో రోజు నుంచి మాటలు కూడా బంద్ చేశాడు. కావలికారు ముత్తయ్య కడవ మోసుకొని సందు దాకా వచ్చేవాడు, అవతల అడుగు పెట్టేవాడు కాదు.

ఎన్ని ముంతలుంటే అంతమంది బతికున్నట్టు.

సైదమ్మ ముంత నాకు తెలుసు. మా ఇంటి నుంచి తీసుకుపోయిన నల్లముంత. చిన్నప్పుడు నేనే ఇనప మానిక తగిలించి దాని అంచు బొటనగోరంత విరగ్గొట్టాను. నాకు వెంటనే కనబడాలని ఆమె దాన్ని వరుసలో అందరికన్నా ముందు, సందుకు దగ్గరగా పెట్టేది. నేను దాని మీదనే లాభం అనేవాణ్ణి.

మొదటి రోజు పద్నాలుగు. రెండో రోజు పన్నెండు. మూడో రోజు తొమ్మిది. ఆ రోజు సైదమ్మ చెట్ల కింద నుంచి చెయ్యి ఎత్తి ఊపింది.

ఇంటికి రాగానే మా అమ్మ అడిగేది ఒకటే. "ముంత ఉన్నదా కొడకా?"

"ఉన్నదమ్మా."

అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకునేది.

నాలుగో రోజు మళ్ళీ తొమ్మిది. ఎవరూ పోలేదని సంతోషించాను. ఐదో రోజు ఎనిమిది. ఆరో రోజు ఏడు. ఏడో రోజు కూడా ఏడే. నాలుగు రోజులూ నల్లముంత తన చోట తాను ఉంది. నాలుగు సార్లు లాభం అని పోశాను. సైదమ్మ మాత్రం కనిపించలేదు. బండి నీడలో పడుకుందేమో అనుకున్నాను. మనిషి కనిపించకపోయినా ముంత ఉంది, అది నాకు చాలింది.

ఒక విషయం మాత్రం అప్పుడే గమనించాను. మా ఎండ పొడి ఎండ. చెమట పట్టకముందే ఆరి అంగీ మీద ఉప్పు చారలు కడుతుంది. నాలుగో రోజు మొదటి ముంత మీదికి వంగగానే ఒళ్ళంతా చెమట కారింది. అంగీ వీపుకు అంటుకుంది. గాలి బరువుగా, తడిగా, పచ్చి చేపల వాసనతో ముఖానికి తగిలింది. రెండో ముంత దగ్గరికి జరిగితే ఏమీ లేదు, ఎప్పటి వడగాలే. నాకే రోగం తగిలిందనుకున్నాను. ఇంటికి పోయి పొద్దూకేదాకా ఒంటరిగా కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఐదో రోజు, ఆరో రోజు, ఏడో రోజు అట్లాగే అయింది. ఆ ముంత దగ్గరే, మూరెడు మేరలోనే.

ఏడో రోజు పొద్దూకే వేళ పిచ్చయ్య కంప దగ్గరికి వచ్చి కేకేశాడు. అన్ని రోజులూ అతను రోగంతో బండి కింద పడి ఉన్నాడట. కర్ర పట్టుకొని నిలబడ్డాడు.

"సైదమ్మ లేదు. మూడో నాడు పొద్దూకంగనే పోయింది. గా తుమ్మల ఎన్క పూడ్చినం."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వేళ నాకు మొదట దుఃఖం రాలేదు. ఇది దాచుకోవడానికి లేదు. మొదట వచ్చింది లెక్క. మూడో రోజు పోయిన మనిషి ముంతలో నేను నాలుగు మానికలు పోశాను. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి గుప్పెడు గుప్పెడు పిండి అడుక్కొచ్చి కాచిన అంబలి అది. చచ్చినామె ముంత పెట్టి ఎవరో రెండు వాటాలు తింటున్నారు. నా చెల్లెలి ముంతతో నన్నే మోసం చేస్తున్నారు. అమ్మకు ఏమీ చెప్పలేదు.

ఎనిమిదో రోజు సందు దాటి పోయాను. బండ మీద ఏడు ముంతలు. నల్లముంత మొదట ఉంది. విరిగిన అంచు నా వైపే ఉంది.

చెట్ల కింది వాళ్ళకు వినబడేటట్టు అరిచాను. "సచ్చినోళ్ళ పేరు మీద తింటున్రా? థూ, సిగ్గు లేదా మీకు?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ తడిగాలి తగిలింది. చెమట కంట్లోకి కారింది. మానిక చేతిలో నిండుగా ఉంది. పోయలేదు. లాభం అన్న మాట నోట రాలేదు. పక్క ముంత మీద "రెండు" అని మొదలుపెట్టి "ఏడు" దాకా పోసి, కడవలో మిగిలిన మానెడుతో తిరిగి వచ్చాను.

"ముంత ఉన్నదా కొడకా?" అంది అమ్మ.

అంగీ విప్పి దండెం మీద వేశాను. ఆమె నా ముఖం చూసి, ముందున్న ముద్దను పక్కకు జరిపింది.

తొమ్మిదో రోజు బండ మీద ఆరు ముంతలే ఉన్నాయి. నల్లముంత లేదు. మోసం పట్టుకున్నాను కాబట్టి మానుకున్నారనుకున్నాను. ఆ తర్వాత ఎవరూ పోలేదు. పదిహేనో రోజు కంప తీశారు.

నేను నేరుగా పిచ్చయ్య దగ్గరికి పోయాను. "నా చెల్లె ముంత దినాం పెట్టిందెవరు?" అని అడిగాను.

అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏ ముంత బావా? అది ఆమె మీదనే బోర్లిచ్చినం, పూడ్చిన్నాడే."

"నాలుగో నాడు తొమ్మిది ముంతలున్నయి."

"ఎనిమిది. తర్వాత ఏడు, ఆరు. ఎంతమందిమి ఉంటె అన్ని. నువ్వు దినాం మొదటి మానెడు ఉత్త బండ మీద వోస్తివి. మాకు ఇక్కడ పేగులు అరుస్తున్నయి. బండి కింద పండుకొని నేనూ సూసిన. బావకు ముందే ఎర్కైంది, సచ్చినామె పేరున వోస్తున్నడు, ఏమనొద్దు అనుకున్నం. లేవగల్గినంక నోటితోని గూడ చెప్పాలని ఏడో నాడు వస్తి. ఎనిమిదో నాడు తిట్టి, రెండు కాంచి అందుకున్నవ్. ఆమె లెక్క గూడ ఖతం జేసినవ్ అనుకున్న."

మిగిలిన ఐదుగురినీ విడివిడిగా అడిగాను. ఐదుగురూ అదే చెప్పారు. ముత్తయ్యను అడిగాను. "వంగినవ్, వోసినవ్. ముంత ఉన్నదో లేదో నేనేం జూసిన, ఎండకు కండ్లే తెరవరాకపాయె" అన్నాడు.

అక్కణ్ణుంచి బండ దగ్గరికి పోయాను. ఆరు ముంతలు పెట్టిన చోట్ల, ఒలికిన అంబలి ఎండి తెల్లటి మరకలున్నాయి. చీమలున్నాయి. మొదటి చోట ఏమీ లేదు. నాలుగు మానికల అంబలి కాలుతున్న నాపరాతి మీద పోస్తే పెచ్చు కట్టాలి. వాన పడలేదు. చేత్తో తడిమి చూశాను. బండ నున్నగా, శుభ్రంగా ఉంది.

ఎండకు నా కన్ను చెదిరి లేని ముంత కనిపించిందనుకుందాం. కన్ను చెదిరితే ముంత కనిపించవచ్చు గాని, పోసిన అంబలి ఎక్కడికి పోతుంది? ఎవరో నిజంగానే ముంత పెట్టారనుకుందాం. ఆకలితో ఉన్న ఆరుగురూ కలిసి ఆ అబద్ధం ఎందుకు ఆడతారు? అందులో ఒకరికి ఎక్కువ వాటా దక్కితే మిగిలిన ఐదుగురు ఊరుకుంటారా?

తుమ్మల వెనక ఆమెను పూడ్చిన చోటు చూశాను. మట్టి కుప్ప మీద నల్లముంత బోర్లా ఉంది, పైన రాయి పెట్టి ఉంది. విరిగిన అంచు దగ్గర నుంచి చీమల బారు లోపలికి పోతూ, బయటికి వస్తూ ఉంది. ఎత్తి చూస్తే తేలిపోయేది. కొలిచి చూడకుండా ఏ రాశికీ నేను లెక్క చెప్పినవాణ్ణి కాను. ఆ ముంతను మాత్రం ఎత్తలేదు.

ఆ రాత్రి అమ్మకు అంతా చెప్పాను. ఆమె అడిగింది ఒకటే. "కనవడ్డదంటివి గద. కనవడ్డప్పుడు వొయ్యకపోతివా కొడకా?"

పిచ్చయ్య ఆ తర్వాత మా గడప తొక్కలేదు. మిర్యాలగూడలో ఏదో మిల్లులో మూటలు మోస్తాడని విన్నాను. అమ్మ పోయిన నాడు కబురు పంపినా రాలేదు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత వడ్ల బేరం మీద మొదటిసారి బందరు పోయాను. అది కూడా ఎండాకాలమే. బస్సు దిగగానే గాలి తగిలింది. బరువుగా, తడిగా, పచ్చి చేపల వాసనతో. అంగీ వీపుకు అంటుకుంది. అంతకుముందు నేను సముద్రం ఛాయలకు కూడా పోలేదు. అయినా ఆ గాలి నాకు కొత్తది కాదు. పని ఉన్నా చేసుకోకుండా అదే బస్సులో తిరిగి వచ్చాను.

అప్పటి నుంచి ప్రతి రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, ఒక మానెడు అంబలి ఆ నాపబండ మీద మొదటి చోట పోస్తున్నాను. లాభం అని గట్టిగానే అంటాను. చెమట పట్టదు, పొడి గాలే. మర్నాడు పోయి చూస్తాను. ప్రతిసారీ తెల్లటి మరక ఉంటుంది, చీమలుంటాయి. ఒలకబోసిన అంబలి ఎట్లా ఉండాలో అట్లాగే ఉంటుంది. ఎవరూ తీసుకోలేదు.

కాబట్టి పోసిన వాటిలో ఒక్కటి కూడా ఆ ఎనిమిదో రోజు బాకీకి చెల్లు వేసుకోలేదు. నేను సైదమ్మకు ఇవ్వవలసింది ఈనాటికీ ఒక మానెడు.