అమ్మ మార్చి చదివిన సీరియల్

మొన్న చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఒకావిడ "అక్కా, గుర్తువట్టలేదా?" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ల కిందట సైదాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటావిడ మనవరాలు. అప్పుడు మూడో క్లాసు పిల్ల, ఇప్పుడు ఆ స్టేషన్ పక్కనే అమ్మాయిల హాస్టల్ నడుపుతోంది. వదలకుండా లాక్కెళ్లి చాయ్ ఇచ్చి, "పాత ఇల్లు కూలగొట్టినప్పుడు దొరికింది, మీకోసమే దాచిన" అని నా ఒళ్లో ఒక బైండు పెట్టింది. వారపత్రికల్లోంచి చింపి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కలిపి కుట్టిన సీరియల్ పేజీలు. ఆ వంకర కుట్టు చూడగానే అవ్వ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అవ్వ అంటే ఆ ఇంటావిడ. మేమూ అలాగే పిలిచేవాళ్లం. నాన్నకి బదిలీ అయి తెనాలి నుంచి వచ్చి ఇల్లు అడగడానికి వెళ్లినప్పుడు, ఆవిడ మమ్మల్ని గడప బయటే నిలబెట్టి, "పంచాయితీలున్నోళ్లకు ఇల్లు ఇయ్య. మొగుణ్ణి ఇడిసొచ్చిన పిల్లలు, ఆళ్లెనక లొల్లి చేసేటోళ్లు, గదంత నాకొద్దు" అంది. పెళ్లయిన ఆరు నెలలకే దెబ్బలు తినలేక పుట్టింటికి వచ్చేసిన మా అక్క అప్పుడు నా పక్కనే నిలబడి ఉంది. అమ్మ కనురెప్ప కూడా ఆర్పకుండా, "మా అల్లుడుగారు దుబాయ్‌లో ఉంటున్నారండీ. అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటుంది" అంది. రెండో ముక్క నిజమే. అక్కకి ఆ ఉద్యోగం రావాలి, వచ్చేదాకా ఎవరూ వేలెత్తి చూపని ఇల్లు కావాలి. మాకు అంతకు మించిన కోరిక లేదు.

అవ్వకి చదువు రాదు గానీ సస్పెన్స్ సీరియళ్లంటే ప్రాణం. బుధవారం పత్రిక రాగానే మధ్యాహ్నం మెట్ల మీద చేట ముందేసుకుని కూర్చునేది. ఆవిడ బియ్యం ఏరుతుంటే అమ్మ చదవాలి. అమ్మ గొంతు బాగుండేది, పాత్రకో తీరున చదివేది. ఆ ఏడాది వచ్చిన సీరియల్లో ఒక పెద్ద కుటుంబం, అందరూ కలిసి దాస్తున్న ఒక రహస్యం, ఆ ఇంటి పెద్దాయన హత్య. మూడో వారం కథలో కూతురు మొగుణ్ణి వదిలేసి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అమ్మ ఒక్క క్షణం ఆగి, "భర్త సింగపూర్ వెళ్లడంతో ఆమె పుట్టింటికి వచ్చింది" అని చదివేసింది. ఒంటిపూట కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్న నేను పత్రికలోకి తొంగిచూసి నోరు మూసుకున్నాను. అసలు చిక్కు చివర్లో వచ్చింది. హంతకుడు ఆ మొగుడే! అతన్ని అమ్మ ఎప్పుడో విమానమెక్కించేసింది. ఇక ఏం చేస్తుంది పాపం, అప్పటికప్పుడు నేరాన్ని ఆ ఇంటి గుమాస్తా నెత్తిన రుద్దింది. అవ్వ బియ్యంలో రాయి ఏరి పారేసి, "గుమస్తానా? నేనట్ల అనుకోలె" అని ఊరుకుంది. ఆ రాత్రి అక్కతో సహా పొట్టలు పట్టుకుని నవ్వుకున్నాం.

కొన్నాళ్లకి ఎదురింటావిడ గేటు దగ్గర అవ్వని పట్టుకుంది. "ఏడాది దాటె, గా పిల్ల మొగుడు ఒక్కసారన్న కనవడలె. ఏంది కథ?" కిటికీ వెనక అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి చెవులు రిక్కించింది. అవ్వ తాపీగా, "కందకు లేని దురద కత్తిపీటకేంది? దుబాయ్ కెల్లి మొన్ననే ఫోన్ చేసిండు, నేనే మాట్లాడిన. మంచి పిలగాడు" అంది. మాకు ఫోన్ లేదు, ఎవరు చేసినా అవ్వ ఇంటికే. మా బాబాయి ఫోనుని అల్లుడిదనుకుందని అమ్మ తేల్చింది. "పెద్దావిడ, పొరబడింది. దేవుడే గట్టెక్కించాడు" అని దణ్ణం పెట్టుకుంది. మరుసటేడు అక్కకి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, మేం ఎల్.బి. నగర్ మారిపోయాం.

హాస్టల్లో కూర్చుని ఇదంతా చెప్పి నవ్వుతుంటే, మనవరాలు మాత్రం నవ్వలేదు. "పొరపాటా? మా నాయినమ్మకు అన్ని ఎరుకే అక్కా. బడి కెల్లి రాంగనే గదే సీరియల్ నాతోని మళ్ల సదివిపిచ్చేది, నాకు తెలుగు రావాలని. మొగుణ్ణి ఇడిసొచ్చిందని సదివితే నేనే తప్పు సదువుతున్న అనుకున్నది, ఆఖరికి మొగుడే సంపిండని సదివిన. మద్యాన్నం మీ అమ్మ గుమస్తా అన్నది గద. ఎక్కడెక్కడ మార్చిందో అన్ని నాతోని సదివిపిచ్చుకున్నది. బిడ్డ కోసం గా తల్లి భయపడుకుంట మార్చి సదువుతున్నది, నువ్వెక్కడ నోరు జారకు అన్నది."

నేను ఉండబట్టలేక అడిగాను. "మరి అట్లాంటోళ్లకి ఇల్లివ్వనని గడపలోనే చెప్పింది కదే?"

"నేను గట్లనే అడిగిన. గది ఇల్లు ఇయ్యకముందు మాట, ఇచ్చినంక ఆళ్లు మనోళ్లు గాదా అన్నది."

మెట్రోలో ఎల్.బి. నగర్ వెళ్లేదాకా ఆ బైండు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. అవ్వ పోయింది, అవ్వని నమ్మించానన్న ధీమాతోనే అమ్మా పోయింది. బతికుంటే ఎంత సిగ్గుపడేదో, అంతకంటే ఎంత ఏడ్చేదో. మేం రహస్యం దాస్తున్నామనుకున్న ఆ ఇంట్లో రెండేళ్లూ మమ్మల్నే ఒకావిడ దాచిందని తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది.