ఆపేసిన జీపుకు కీలు

2003 ఆగస్టు 4, సోమవారం. ఠాణే నుంచి భివండి వచ్చే బస్సులో నేను, మా బామ్మర్ది, పక్క సీట్లో ఒక సేటు జీపు నడిపే తెలుగు డ్రైవరు. మాకు భివండిలో మరమగ్గాలున్నాయని మాటల్లో చెప్పాం.

డ్రైవరు ఒడిలో జపాన్ జీపు వెనక తలుపు కీలు ఉంది, రెండు ముక్కలై. జీపు ఫోటో చూపించాడు.

"కప్ప లెక్కున్నదేంది!" మా బామ్మర్ది నవ్వాడు.

"నవ్వు అన్నా, అందరు నవ్వినోళ్లే. ఎగ్జిబిషన్ల నమూనాకని చేసిన్రట. జనం ముచ్చటపడితే అదే రూపంల అమ్మిన్రు. నాలుగైదేండ్లకు ఆపేసిన్రు. రివర్సుల గోడకు తాకి ఇది ఇరిగింది. సామాన్ యాడ లేదు. రేపు పొద్దుమూకేలోపు బాగుగాకుంటే భంగార్‌ల పాతినుము లెక్క తూకానికి అమ్ముతనన్నడు సేటు. నేను అమ్మనియ్య."

"కంపెనీయే ఆపేస్తే నువ్వేం జేస్తవ్?"

"మీ సాంచలు చేసిన కంపెనీలున్నయా అన్నా? మరి అవెట్ల నడుస్తున్నయ్?"

బామ్మర్ది కీలు ముక్కలను చేతిలోకి తీసుకున్నాడు. మా సాంచలు, అంటే మరమగ్గాలు, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఏ భాగం విరిగినా భివండిలోని కనేరి పేటలో మిస్త్రీ దగ్గర చేయించుకోవడమే.

మర్నాడు పొద్దున డ్రైవరును కనేరి తీసుకుపోయాం. మిస్త్రీ కీలును తిప్పి చూశాడు. ఏ బండిదని అడగలేదు.

"సాయంత్రానికిస్త. ఎన్ని?"

డ్రైవరు నోరు తెరిచేలోపే మా బామ్మర్ది అన్నాడు: "రెండు చెయ్. ఇది ఇరిగితే ఇంకోటుండాలె."