మస్కట్‌లో నేను వేసిన మేకప్

ఆ రోజుల్లో నాకు ఫలానాదంటే భయమని విడిగా ఏమీ ఉండేది కాదు, అన్నిటికీ భయమే. కాకినాడ నుంచి వచ్చి మస్కట్‌లోని రూవి దగ్గర ఒక ఇండియన్ స్కూల్లో నాలుగో తరగతి టీచరుగా చేరి రెండు నెలలైంది. ప్రిన్సిపాల్ గారు దగ్గినా నన్నే పిలిచారనుకుని లేచి నిలబడేదాన్ని. తల్లిదండ్రుల నుంచి ఒక్క ఫిర్యాదు వస్తే చాలు, కొత్తవాళ్లను విమానం ఎక్కించేస్తారని స్టాఫ్‌రూమ్‌లో చెప్పారు మరి.

నా క్లాసులో టాంజానియా నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. మిగతా పిల్లలు ఆమె జడలు లాగి చూసేవారు. నేను "సైలెన్స్!" అని అరిచేదాన్ని (నాకు చేతనైన క్రమశిక్షణ అదొక్కటే). వార్షికోత్సవం డాన్సులో అందరికంటే బాగా ఆడేది తనే అయినా వెనక వరుసలో పెట్టాను. పొడుగు కదా అన్నాను. కారణం పొడుగు కాదని నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు.

వార్షికోత్సవం సాయంత్రం మేకప్ డ్యూటీ నాకు పడింది. చిన్నప్పుడు ఏ పెళ్లికి వెళ్లాలన్నా మా అమ్మ నన్ను కూర్చోబెట్టి, "కాస్త కళ వస్తుందే" అంటూ పౌడరు దట్టించేది (నేనూ నలుపే). ఆ విద్యనే పిల్లలందరి ముఖాల మీదా చూపించాను. అందరూ పిండిమరలోంచి వచ్చినట్టు తయారయ్యారు. టాంజానియా పిల్లకు మాత్రం తనివి తీరక మూడు పూతలు వేశాను. ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని మెల్లగా అడిగింది, "మిస్, ఇప్పుడు ముందు వరుసలో నిలబడొచ్చా?"

నేను పౌడరు డబ్బా మూత వెతుక్కున్నాను. ఇంతలో తలుపు దగ్గర నుంచి మా గోదావరి జిల్లా సీనియర్ టీచరక్క, "ఒసే పిల్లా, వాళ్లమ్మ వచ్చేత్తంది! నీ పనైపోయిందే!" అంది. నేను సిగ్గు లేకుండా కాస్ట్యూమ్స్ పెట్టె వెనక్కి దూరాను. సగమే పట్టాను.

ఆ తల్లి నర్సు. యూనిఫాంలోనే వచ్చింది. కూతుర్ని చూసి, "ఎవరు చేశారిది?" అని ఇంగ్లిషులో అడిగింది. "మా మిస్. నేను బాగుండాలని," అంది పిల్ల. ఆవిడ అరవలేదు. తడిగుడ్డతో కూతురి ముఖం తుడిచి, పెట్టె పక్కన బయటికి కనిపిస్తున్న నన్ను చూసింది. నా ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు.

"మీకెవరు నేర్పారిది?"

"మా అమ్మ," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నా కూతురికి మీరు నేర్పొద్దు. తనను ముందు వరుసలో నిలబెట్టండి."

"ఫిర్యాదు చేస్తారా మేడమ్?" అని అడిగాను, ఆ స్థితిలో కూడా.

"డాన్సు చూశాక చెబుతాను."

పిల్ల ముందు వరుసలో తన ముఖంతో తను ఆడింది. ఎలా ఆడిందో నేను చూడలేదు. వాళ్లమ్మ ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ లేచి చప్పట్లు కొట్టాకే ఊపిరి పీల్చుకున్నాను.

ఫిర్యాదు రాలేదు, ఉద్యోగం నిలిచింది. కొబ్బరికాయ కొట్టేంత సంబరపడ్డాను. అన్నాళ్లూ నా భయమే నాకు పెద్దది. తొమ్మిదేళ్ల ఆ పిల్ల రోజూ నా క్లాసులోకి ఎంత భయపడుతూ వచ్చేదో అడగాలని ఒక్కసారీ తోచలేదు. ఆ పిరికి టీచరమ్మను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది గానీ, పూర్తిగా రాదు.