భీమయ్య కాపలా కాసిన ఉప్పునీళ్లు

యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్లుగా అటెండరుగా ఉన్న భీమయ్య, సీసా మీద చీటీ చదవనిదే మంచినీళ్లు కూడా తాగడు. సీతాఫల్‌మండి పాలవాడు అతని గుమ్మంలో నిలబడి, బర్రె పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాకే పాలు పోసేవాడట. ఇందులో సగమైనా నిజమే.

తొంభై ఎనిమిదిలో ఒక ఉదయం భార్య సారలమ్మకు కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. గంటలోపే ఆటోలో తార్నాకలోని ఒక నర్సింగ్ హోముకు తెచ్చాడు. డాక్టర్ పార్థసారథి తలకు స్కాన్ తీయించి, మెదడు నాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కించాడు. తర్వాత ఒక సీసా తగిలించారు. భీమయ్య కళ్లద్దాలు సర్దుకుని చీటీ చదివాడు. ఉప్పునీళ్లు. లీటరుకు తొమ్మిది గ్రాములు. ల్యాబులో తను బకెట్లకొద్దీ కలిపే సరుకే.

పక్క మంచం మీది పెద్దాయనకేమో గ్లూకోజు.

“ఏంది సారూ, గాయనకు గ్లూకోజు, మాకు ఉప్పునీళ్లా? బలమెట్లొస్తది?”

“ఆయనకు షుగర్ పడిపోయింది, భీమయ్యా. ఈమెకు ఒంట్లో నీళ్లు తగ్గొద్దు, బీపీ పడిపోవద్దు. చక్కెర పెరిగితే దెబ్బతిన్న మెదడు ఇంకా చెడుతుంది.”

భీమయ్య తలూపాడు గానీ నమ్మలేదు. స్టూలు లాక్కుని, ల్యాబులో బ్యూరెట్ గొట్టం ముందు కూర్చున్నట్టే చుక్కలు లెక్కపెట్టసాగాడు. నర్సు రజిని వచ్చినప్పుడల్లా ఒకటే పాట. “ఒక్క గ్లూకోజు పెట్టు బిడ్డా. మా ఊర్ల అందరికీ గదే పెడ్తరు.” పదోసారికి ఆమె దండం పెట్టింది.

మధ్యాహ్నం డ్యూటీ మారింది. రజిని వెళ్తూ, కొత్తగా వచ్చిన నర్సు అమలకు అతన్ని ‘గ్లూకోజు తాత’ అని చూపించింది. సీసా అయిపోగానే అమల ఇంకొకటి తగిలించింది. భీమయ్య చీటీ చదివాడు. గ్లూకోజు.

అడిగిందే వచ్చింది. అక్కడే అతనికి అనుమానం పుట్టింది. పొద్దున విషమన్నది మధ్యాహ్నానికి మందెట్లయింది? చుక్క పడకముందే గొట్టం మీది చక్రం బిగించాడు.

“ఎవరు రాసిండ్రమ్మా ఇది?”

“మీరే అడిగిండ్రట గదా తాతా.”

“నేనెవర్ని? సీసాలు కడిగేటోణ్ణి. సారును పిలువు.”

డాక్టరు వచ్చి కేస్ షీటు చూసి, సీసా దించేశాడు. మళ్లీ ఉప్పునీళ్లు ఎక్కాయి.

సాయంత్రానికి సారలమ్మ కుడిచేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి. పెదవి ఇంకా వంకరగానే ఉంది. కూడబలుక్కుంటూ అంది. “కూరల రవ్వంత ఉప్పెక్కువైతే... కంచం నూకేటోనివి. ఇయ్యాల... సీసాలకు సీసాలు పోయిస్తున్నవా?”

నూట నలభయ్యో చుక్క దగ్గర భీమయ్య లెక్క తప్పింది. కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.