తగ్గలేదండీ

ముప్పయ్యేళ్లు వంగి వరినాట్లు వేసిన దానమ్మ విజయవాడ ఆసుపత్రిలో బల్ల దిగింది. నొప్పి ఏ కీలుదో తేల్చడానికి డాక్టరు అంతకుముందే ఆమె వెన్నులో ఒక కీలుకు మత్తు ఇంజెక్షన్ చేశాడు.

“వంగి చూడండమ్మా. తగ్గిందా?”

వంగింది. నడుము ఎప్పటిలాగే కలుక్కుమంది. అయినా “తగ్గిందండీ” అన్న మాటే నోటిదాకా వచ్చింది. చేలో ఎవరడిగినా ఆమె చెప్పేది అదే. నొప్పి ఉందంటే మర్నాడు పనికి పిలవరు.

“పాస్టరమ్మగారి కూర బాగుందని మొహమాటానికి అన్నట్టు చెప్పకే అక్కా,” అంది చెల్లెలు స్టెల్లా. “తగ్గిందంటే, నొప్పి దానిది కాకపోయినా ఆ కీలు నరమే కాలుస్తారంట.”

డాక్టరు కలం పట్టుకుని చూస్తున్నాడు.

“తగ్గలేదండీ,” అంది, తప్పు చేసినదానిలా తల దించుకుని.

“మంచిపని చేశారు చెప్పి. ఇంకో కీలు చూద్దాం.”

నొప్పి ఉందన్నందుకు ఎవరూ పొమ్మనకపోవడం ఆమెకు అదే మొదటిసారి.