గుండుకు పోయినారా?

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో కౌంటరు గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో నన్ను కాల్చుకు తిన్నవి యాత్రికుల గుండ్లు. పొద్దున నిండు జుట్టుతో తాళం ఇచ్చి కొండకు పోయిన మనిషి, సాయంత్రం గుండుకు గంధం పూసుకొని దిగుతాడు. వెనకాలే ఇంకో నాలుగు గుండ్లు. పోల్చుకోలేక ఒకసారి ఒకరి తాళం ఇంకొకరికి ఇచ్చేశాను. అసలాయన వచ్చి చూస్తే తన మంచం మీద ఎవరో గుర్రు పెడుతున్నారు. ఆ రోజు తిన్న తిట్లు ఇప్పటికీ అరగలేదు.

అప్పుడే నెట్ సెంటరులో ఒక సాఫ్ట్‌వేరు దొరికింది. లాడ్జి గదుల సంగతి చూసుకునేది, ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు, మార్చింది నలుగురికీ పంచవచ్చు. నేను దాన్ని మా కౌంటరు కంప్యూటరులో ఎక్కించి, తెలుగులోకి తెచ్చి, నా బుద్ధికొద్దీ ఒక గడి చేర్చాను: "గుండుకు పోయినారా?" అక్కడ టిక్కు పెడితే, తాళం ఇచ్చే ముందు, గది తీసుకున్నప్పుడు రాయించిన తండ్రి పేరు అడగమని తెర మీద ఎర్రగా వస్తుంది. నా మార్పులన్నీ, ఓపెన్ సోర్స్ పద్ధతి ప్రకారం, దాన్ని తయారుచేసినవాళ్లకు తిరిగి పంపాను. ఆ తర్వాత తాళాలు తారుమారు కాలేదు.

మా ఓనరుది ఐరాల పక్క పల్లె. చెరుకు పండించి, బెల్లం అమ్మి పైకొచ్చిన మనిషి. నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాడు. టిక్కెట్టు కొనే స్తోమత ఉన్నా ధర్మదర్శనం క్యూలోనే నిలబడతాడు. "ఊరికే దొరికే దర్శనమేనప్పా అసలు దర్శనం" అంటాడు. అదే నోటితో నా సాఫ్ట్‌వేరును, "ఊరికే ఎవుడిస్తాడప్పా? దాంట్లో ఏదో మతలబు ఉంటాది" అనేవాడు. ఒక్కసారి ఆ తెర వైపు తొంగి చూసిన పాపాన పోలేదు. జీతం పెంచమని నేను అడగలేదు. నేను పెట్టింది ఆ కౌంటర్లో నిలవాలి, బాగా చేశావని ఆయన ఒక్క మాట అనాలి. ఆ మాట కోసం మొహం వాచిపోయాను.

వానాకాలంలో కరెంటు వచ్చీపోయీ కంప్యూటరు కాలిపోయింది. "సూసినావా, ఊరికే వచ్చింది ఊరికే పాయ" అన్నాడు. పోయింది మిషను, సాఫ్ట్‌వేరు కాదన్నా అని మొత్తుకున్నాను. వింటేనా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, మద్రాసు నుంచి టై కట్టుకున్న ఒకాయన్ను పిలిపించాడు. కొత్త కంప్యూటరు, తళతళలాడే అట్టపెట్టెలో సీడీ, దానికో బిల్లు. ఓనరు ఆ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, స్వామి పటం కింద పెట్టాడు.

టై ఆయన నాకు పని నేర్పడానికి కూర్చున్నాడు. పైన పేరు మారింది, రంగు మారింది. కింద చూస్తే అన్నీ నేను రాసి పంపిన మాటలే. చివరి గడి, "గుండుకు పోయినారా?"

"ఇదెందుకండీ?" అని అడిగాను.

"తెలీదండీ, కంపెనీలో పెట్టి ఇచ్చారు" అన్నాడు.

తప్పు అనడానికీ లేదు. ఎవరైనా తీసుకొని అమ్ముకోవచ్చని ఆ ఓపెన్ సోర్స్ షరతుల్లోనే రాసి ఉంటుంది. ఒళ్లు మండిపోతోంది, తిట్టడానికి మాత్రం మనిషి లేడు. ఆగలేక ఓనరును పిలిచాను. "అన్నా, ఇది నేను పెట్టిందే. ఈ గడి నాదే."

ఆయన మొదటిసారి తెర మీదికి వంగి, కూడబలుక్కుని చదివాడు. మొహం వెలిగిపోయింది.

"నీదెట్టయితాదప్పా? బిల్లులో యాడుండాది నీ పేరు?" అన్నాడు. ఆ వెంటనే టై ఆయన భుజం తట్టి, "పెద్ద కంపెనీ అంటే ఇదీ! మద్రాసులో కూసోని మన గుండు సంగతి గూడా కనుక్కున్నారు" అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లుగా ఈడే ఉండావే, నీకెప్పుడన్నా తట్టిందా ఇది?"

ఆ సాయంత్రం ఒక గుండాయన వచ్చి తాళం అడిగాడు. తెర మీద ఎర్రగా వచ్చింది. తండ్రి పేరు అడిగి, తాళం ఇచ్చాను.