వంటింట్లో బడి

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్లే బస్సులో, పేరైనా తెలియని ఒకావిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తెలిసినవాళ్లను పలకరించడానికే మొహమాటపడే మనిషిని నేను.

ఆవిడే ముందు ఇంగ్లీషులో పలకరించింది. "మగతోడు లేకుండా వెళ్తున్నావా? మా కాబూల్‌లో అయితే మనిద్దరినీ ఎప్పుడో దింపేసేవాళ్లు," అని నవ్వింది.

అక్కడ ఆడపిల్లల బడులు మూసేశాక, తన వంటింట్లోనే తొమ్మిదిమందికి రహస్యంగా పాఠాలు చెప్పిందట. ఎవరో ఫిర్యాదు రాశారు. సోదాకు వచ్చినవాళ్లు పుస్తకాలన్నీ పట్టుకుపోయి, బడి మూయించి, ఆ ఫిర్యాదు కాగితం ఆవిడ ముందు పెట్టారట.

"కింద పేరుందా?" అని అడిగాను.

"పేరెందుకు? అది మా తమ్ముడి చేతిరాత. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే."